విశాఖపట్నంలో పిల్లల పేదరికం పేటల వారీగా ఎంత? ఎక్కడ చూడాలి?

మీరు అడిగినవి రెండు. అమెరికాలో ఉంటున్న మీ అక్క తన చిన్న నగరంలో ఏ పేటలో ఎంత శాతం పిల్లలు పేదరికంలో ఉన్నారో చూపే పటం పంపారు, విశాఖకు అలాంటిది ఉందా అన్నది మొదటిది. ఉంటే ఏ పేటల్లో ఎక్కువ, మనం చేయగలిగింది ఏమైనా ఉందా అన్నది రెండోది. నేను నగరపాలక సంస్థ బడుల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. 2011 జనగణనలో గణకుడిగా ఇంటింటికీ తిరిగాను, బడి మానేసిన పిల్లల కోసం సర్వేలు చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. అలాంటి పటం మనకు లేదు. దాన్ని గీయడానికి కావలసిన అంకెలు మాత్రం చాలావరకు ఈ ఊళ్లోనే, అంగన్‌వాడీల్లోనూ బడుల్లోనూ ఉన్న రిజిస్టర్లలో ఉన్నాయి.

ముందు అక్కడ అది ఎలా సాధ్యమైందో చూద్దాం. అమెరికా జనగణన సంస్థ పదేళ్లకోసారి తలలు లెక్కపెట్టి ఊరుకోదు. ఏటా లక్షల ఇళ్లకు ప్రశ్నావళి పంపి ఆదాయం, అద్దె, చదువు అన్నీ అడుగుతుంది. ఐదేళ్ల జవాబులు కలిపి, సుమారు 4,000 మంది ఉండే చిన్న భాగాలకు కూడా లెక్క తేల్చి ప్రకటిస్తుంది. 1960లలో మాలీ ఒర్షాన్‌స్కీ అనే ఆర్థికవేత్త కనీస తిండి ఖర్చును మూడింతలు చేసి పేదరికపు గీతను తయారు చేశారు. ధరలను బట్టి సవరిస్తూ నేటికీ దాన్నే వాడుతున్నారు. ఇంట్లో ఎంతమంది, వారిలో పిల్లలెంతమంది అన్నదాన్ని బట్టి ఆ గీత మారుతుంది. దానికి దిగువన ఉన్న ఇళ్లలోని పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను లెక్కిస్తే మీ అక్క పంపిన పటం వస్తుంది. చిన్న ఊళ్లో ఒక్కో భాగానికి అందే జవాబులు తక్కువ కాబట్టి శాతాల్లో అటూ ఇటూ తేడా బాగానే ఉంటుంది. అంకె పక్కన ఆ తేడాను కూడా వేస్తారు, అది చూడకుండా రెండు పేటలను పోల్చవద్దని మీ అక్కకు చెప్పండి.

మన దగ్గర పేదరికాన్ని ఆదాయంతో కాకుండా ఖర్చుతో కొలుస్తూ వచ్చారు. పేదరికాన్ని ఎలా కొలవాలో చెప్పడానికి వేసిన టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పట్టణాలకు పెట్టిన గీత మనిషికి నెలకు 1,009 రూపాయలు. ఆ గీత ప్రకారం పట్టణ పేదలు 5.81 శాతం. దాదాపు అదే సమయంలో జరిగిన 2011 జనగణన, గ్రేటర్ విశాఖలో 44.1 శాతం కుటుంబాలు మురికివాడల్లో ఉన్నాయని తేల్చింది. పది లక్షలు దాటిన నగరాల్లో దేశం మొత్తం మీద అదే అత్యధికం, ముంబయి కంటే కూడా ఎక్కువ. ఒకటి రాష్ట్ర పట్టణాలన్నిటి లెక్క, రెండోది ఒక్క నగరానిది. అయినా ఆరుకూ నలభై నాలుగుకూ మధ్య ఇంత దూరం ఎందుకుందో ఆలోచించాలి. నెలకు వెయ్యి రూపాయలు దాటి ఖర్చు పెట్టగలిగిన మనిషి పేదవాడు కాడని తేల్చినంత మాత్రాన, ఆ ఇంటి బిడ్డకు పాలు దొరికాయని కాదు.

అలాగని ఆ 44 శాతాన్నే పేదరికంగా తీసుకోవడం కూడా సరికాదు. మురికివాడ అన్నది స్థలానికి పెట్టిన పేరు. కంచరపాలెం, జ్ఞానాపురం వైపు ఎప్పుడో పట్టాలు వచ్చి, స్లాబు ఇళ్లు వేసుకుని, పిల్లలను ఇంజనీరింగ్ చదివించిన కుటుంబాలు నాకు బాగా తెలుసు. వారి వీధి ఇంకా పాత జాబితాలో ఉంటుంది, అంతే. మరోవైపు ఏ మురికివాడ జాబితాలోనూ లేని పేద పిల్లలు ఈ ఊళ్లో వేలల్లో ఉన్నారు. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీ అపార్టుమెంట్ల సెల్లార్లలో మెట్ల కింద గదిలో ఉండే వాచ్‌మన్ పిల్లలు వాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు. ఒక సర్వేలో అలాంటి గదికి వెళ్లాను. మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. మంచం కింద స్టవ్వు, గోడకు కొట్టిన మేకుకు బడి సంచి. పిల్లవాడు బయట కారు నిలిపే చోట, స్తంభానికి ఆనుకుని లెక్కలు చేసుకుంటున్నాడు. కారు వచ్చినప్పుడల్లా పుస్తకం తీసుకుని లేస్తాడు. పట్టికలో ఆ ఇల్లు పక్కా భవనం, కుళాయి ఉంది, మరుగుదొడ్డి ఉంది, కరెంటు ఉంది. ఆ కాగితం చదివినవారికి అక్కడ ఏ లోటూ కనిపించదు.

అందుకే ఏ పేటలో ఎక్కువ అన్న ప్రశ్నకు వార్డు పేరు చెప్పి సరిపెట్టలేను. మన నగరంలో పేదరికం ఒక మూలన పోగుపడి లేదు. లాసన్స్ బే కాలనీ పక్కనే పెదజాలరిపేట ఉంది. రెండింటినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె రెండింటిలో ఏ ఒక్కదాన్నీ చూపదు. 2021 నగరపాలక ఎన్నికలు జరిగింది 98 వార్డులకు. జనాభాను బట్టి చూస్తే ఒక్కో వార్డు అమెరికా వాళ్ల భాగం కంటే నాలుగైదు రెట్లు పెద్దది. పేదరికం ఇక్కడ వీధి వీధికీ మారుతుంది, దాని స్వభావం కూడా మారుతుంది. శాతాలు చెప్పలేకపోయినా ఆ స్వభావం చెప్పగలను.

తీరం వెంట ఉన్న జాలరిపేటల్లో అది కాలాన్ని బట్టి వస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపల సంతతి పెరగడానికి ఆ విరామం అవసరమే, దాన్ని నేను తప్పు పట్టను. క్యాలెండరు తీసి చూడండి. బడుల వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారంలో ముగుస్తాయి. ఇంట్లో సంపాదన ఆగిన రోజులు, బడిలో మధ్యాహ్న భోజనం ఆగిన రోజులు దాదాపు ఒకటే. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది, మంచిదే. అయితే అది బోటు మీద వేటకు వెళ్లేవారికి. హార్బరులో చేపలు కోసే, మోసే, ఎండబెట్టే, గంపలో పెట్టుకుని వీధుల్లో అమ్మే ఆడవాళ్లకు ఆ రెండు నెలలూ పని లేదు, భృతీ లేదు. జూన్‌లో బడి తెరిచిన వారం పిల్లల ముఖాలు చూస్తే ఆ వేసవి ఎలా గడిచిందో తెలిసిపోయేది. కొందరు మగపిల్లలు తొమ్మిదో తరగతిలోకి రానే రారు. వేసవిలో ఐసు మోయడానికి వెళ్లిన చేతికి డబ్బు తగిలాక తిరిగి పుస్తకం పట్టించడం చాలా కష్టం.

కొండవాలు పేటల్లో అది నీళ్ల రూపంలో ఉంటుంది. ఆరిలోవ, హనుమంతవాక, తాటిచెట్లపాలెం, కప్పరాడ చుట్టూ కొండ మీదికి పాకిన ఇళ్లలో పైకి వెళ్లేకొద్దీ అద్దె తగ్గుతుంది, మెట్లు పెరుగుతాయి. ఆరో తరగతిలో ఒక అమ్మాయి రోజూ మొదటి పీరియడు అయ్యాకే వచ్చేది. కోప్పడకుండా అడిగితే, కొండ కింద కుళాయి వచ్చే వేళ అదేననీ, అమ్మ అప్పటికే పనికి వెళ్లిపోతుందనీ, బిందెలన్నీ పైకి చేర్చి తమ్ముణ్ని అంగన్‌వాడీలో దింపి వస్తున్నాననీ చెప్పింది. మొదటి పీరియడు లెక్కలు. ఆ ఏడాది ఆమెకు లెక్కల్లో వచ్చిన మార్కులకు కారణం రాయడానికి ఏ ప్రగతి పత్రంలోనూ గడి ఉండదు.

మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక, పెదగంట్యాడ వైపు పరిస్థితి వేరు. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, చమురుశుద్ధి కర్మాగారం, పోర్టు ఉన్న ప్రాంతం అది. పర్మినెంటు ఉద్యోగి పిల్లలూ కాంట్రాక్టు కార్మికుడి పిల్లలూ ఒకే వీధిలో పెరుగుతారు. ఇద్దరు తండ్రులూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్లినా జీతాల్లో హస్తిమశకాంతరం. కాంట్రాక్టు మారితే మూడు నెలలు పని ఉండదు. ఆ మూడు నెలల్లో వారం వడ్డీకి తెచ్చిన అప్పు తర్వాత రెండేళ్లు తిండిలోంచి తీరుతుంది. కర్మాగారానికి భూములిచ్చిన ఊళ్ల వాళ్ల మనవలు కూడా ఆ కాంట్రాక్టు వరుసలో నిలబడి ఉండడం చూసినప్పుడు నాకు కడుపు తరుక్కుపోయేది.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టినవి మధురవాడ, పరదేశిపాలెం, మారికవలస వైపు కట్టిన పునరావాస కాలనీలు. నగరం నడిబొడ్డున గుడిసెల్లో ఉన్నవారికి అక్కడ ఇళ్లు ఇచ్చారు. ఇల్లు వచ్చింది, అది చిన్న విషయం కాదు. వాన పడితే పిల్లలను ఒళ్లో పెట్టుకుని కూర్చునే రాత్రులు పోయాయి. అయితే పని నగరంలోనే ఉండిపోయింది. ఎంవీపీ కాలనీలో, సిరిపురంలో ఇళ్లలో పనిచేసే తల్లి తెల్లవారకముందే బస్సెక్కాలి. మధ్యాహ్నం తిరిగి వస్తే సాయంత్రం పనికి మళ్లీ వెళ్లాలంటే రానుపోను ఛార్జీలు, సమయం గిట్టుబాటు కావు. అందుకని రాత్రికే వస్తుంది. చాలా ఏళ్లపాటు ఆమె జీతంలో ఒక ముక్క బస్సుకే పోయింది. రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఆ బరువు తగ్గింది. పోయిన గంటలు మాత్రం తిరిగి రాలేదు. పిల్లలు లేచేసరికి అమ్మ ఉండదు, పడుకునేసరికి కూడా కొన్నిసార్లు ఉండదు. పెద్దపిల్లే అన్నం వండుతుంది. ప్రభుత్వ పట్టికలో ఈ కుటుంబం సొంత ఇల్లు ఉన్న కుటుంబం, అంటే పేదరికం నుంచి ఒక మెట్టు పైకెక్కినట్టు లెక్క.

ఇలాంటి కాలనీల పిల్లలు చదివే బడిలో సోమవారం మధ్యాహ్నం వంటచేసే అమ్మలు ఎవరూ చెప్పకుండానే బియ్యం కాస్త ఎక్కువ పోసేవారు. శనివారం రాత్రి నుంచి సరిగా తినని పిల్లలు సోమవారం రెండోసారీ మూడోసారీ పళ్లెం పట్టుకొస్తారని వాళ్లకు తెలుసు. గుడ్డు ఇచ్చిన రోజు కొందరు దాన్ని తినకుండా జేబులో పెట్టుకునేవారు, ఇంట్లో చిన్నవాళ్ల కోసం. ఏ పేట పిల్లలు ఎంత పేదవాళ్లో నన్ను అడిగితే మొదట ఆ సోమవారపు గిన్నె వైపే వేలు చూపిస్తాను.

ఇక అంకెల్లో మరో చిక్కు. కుటుంబాల శాతమూ పిల్లల శాతమూ ఒకటి కావు. ఉదాహరణకు పది ఇళ్ల వీధి అనుకోండి. మూడు పేద ఇళ్లు, ఒక్కో ఇంట్లో అమ్మా నాన్నా ముగ్గురు పిల్లలు. మిగిలిన ఏడు ఇళ్లలో ఒక్కో బిడ్డే. పేద కుటుంబాలు 30 శాతం. మనుషుల లెక్కన 36 మందిలో 15 మంది, అంటే సుమారు 42 శాతం. పిల్లల లెక్కన 16 మందిలో 9 మంది, అంటే 56 శాతం. వీధి ఒక్కటే, అడిగిన ప్రశ్నను బట్టి జవాబు దాదాపు రెట్టింపు అయింది. మన రేషన్ కార్డు ఈ తేడాను చూడదు. పట్టణంలో నెలకు 12,000 లోపు ఆదాయం అన్నది కుటుంబానికి పెట్టిన హద్దు, ఇంట్లో ఒక బిడ్డ ఉన్నా నలుగురున్నా అదే. సంక్షేమ పథకాల్లోనూ అదే జరిగింది. 2020లో మొదలైన అమ్మ ఒడి ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఏటా ఒక్క బిడ్డ లెక్కనే ఇచ్చేది. 2025 జూన్ నుంచి తల్లికి వందనం కింద చదివే ప్రతి బిడ్డకూ 13,000 చొప్పున వేస్తున్నారు. రాజకీయం ఎవరిదైనా కానివ్వండి, తలకు లెక్కగట్టడమే సరైన పద్ధతి అని బడిలో నిలబడి చూసిన మనిషిగా చెబుతాను.

నీతి ఆయోగ్ వారి బహుముఖ పేదరిక సూచిక గురించి కూడా మీరు విని ఉంటారు. పోషణ, బడి హాజరు, వంట ఇంధనం, మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా ఇలా 12 అంశాలతో కొలుస్తుంది. దాని ప్రకారం 2015-16, 2019-21 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 11.77 శాతం నుంచి 6.06కు తగ్గారు. గ్యాసు, మరుగుదొడ్డి, ఖాతా వచ్చిన మాట నిజం, నా కళ్లతో చూశాను. అయితే ఆ 6.06 తేలింది ఏ సర్వే నుంచో అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు, ఆరు నెలల నుంచి ఐదేళ్ల మధ్య పిల్లల్లో 63.2 శాతానికి రక్తహీనత. ఈ రెండు అంకెలూ పిల్లల ఒంటి మీద కొలిచి రాసినవి. నాకు వీటి మీదే నమ్మకం ఎక్కువ.

ఆ సర్వేలో విశాఖ జిల్లా అంకె దొరుకుతుంది కదా అంటారేమో. దాన్ని నగరానికి వాడకండి. అప్పటి జిల్లాలో పాడేరు, అరకు సహా 11 ఏజెన్సీ మండలాలు, అనకాపల్లి పల్లెలు కలిసి ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలైంది. పాత అంకెతో కొత్త జిల్లాను కొలిస్తే ఏజెన్సీ బిడ్డకూ నగరపు బిడ్డకూ ఇద్దరికీ అన్యాయమే.

మరి మీరు చేయగలిగింది ఏమిటి? మీకు ఓపిక ఉంటే 2011 జనగణన వార్డుల పట్టికలతో మొదలుపెట్టండి. అవి అందరికీ అందుబాటులో ఉన్నాయి. ప్రతి వార్డులో ఆరేళ్ల లోపు పిల్లలెందరు, ఇంటి ఆవరణలో నీళ్లు లేని ఇళ్లెన్ని, మరుగుదొడ్డి లేనివెన్ని, ఒక్క గదిలో ఉండే కుటుంబాలెన్ని, ఏడాదిలో ఆరు నెలలు కూడా పని దొరకనివారు ఎందరు అన్నీ అందులో ఉన్నాయి. వార్డులు అప్పటి హద్దులతో ఉంటాయి, అది గుర్తుపెట్టుకుని ఇప్పటి పటం మీద సరిచూసుకోవాలి. లెక్క పాతబడిందన్న మాట వాస్తవం. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు, కొత్త దానికి 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. అప్పటిదాకా పేటల స్థాయిలో చూడాలంటే ఇదే దిక్కు.

అంతకంటే తాజా లెక్క మీ వీధి అంగన్‌వాడీలో ఉంటుంది. ప్రతి బిడ్డ బరువు, ఎత్తు కొలిచి పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో ఎక్కిస్తారు. పేర్లు అడగకండి, పిల్లల వివరాలు బయటపెట్టకూడదు. అంగన్‌వాడీలను పర్యవేక్షించే ప్రాజెక్టు కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, కేంద్రాల వారీగా ఎంతమందిని కొలిచారు, వారిలో బరువు తక్కువ ఎందరు, ఎత్తు తక్కువ ఎందరు అని మాత్రం అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కో కేంద్రం పరిధి కొన్ని వీధులే కాబట్టి, ఆ అంకెలను పటం మీద పెడితే మీ అక్క పంపినదానికంటే నిశితమైన పటం తయారవుతుంది. వాచ్‌మన్ పిల్లలు, కట్టుబడి షెడ్లలో ఉండే పిల్లలు చాలామంది అంగన్‌వాడీలో నమోదే కారు. ఆ ఖాళీని ఎవరైనా కాలినడకన వెళ్లి పూరించవలసిందే.

అలా నడిచేటప్పుడు బడికి వెళ్లని బిడ్డ కనిపిస్తే దగ్గరలోని ప్రభుత్వ బడికి తల్లిదండ్రులతో పాటు మీరూ వెళ్లండి. పాత బడి నుంచి టీసీ రాలేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో చేర్చుకోకుండా ఉండడానికి వీల్లేదు. విద్యాహక్కు చట్టం, 2009 ఐదో సెక్షనూ పద్నాలుగో సెక్షనూ ఆ మాట స్పష్టంగా చెబుతున్నాయి. ఏడాది మధ్యలోనైనా చేర్చుకుంటారు, వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. ఒడిశా నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఒంటరిగా వెళ్లి కాగితాలు లేవని వెనక్కి వచ్చిన సందర్భాలు ఎన్నో చూశాను. పక్కన తెలుగు మాట్లాడే మనిషి ఒకరు నిలబడితే అదే ప్రధానోపాధ్యాయుడు రిజిస్టరు తెరుస్తారు. పిల్లవాణ్ని ఎవరైనా పనిలో పెట్టుకుని పంపనంటే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేయండి. మీరు ఏ పేటలో ఉంటున్నారో రాస్తే, 2011 పట్టికల్లో అది ఏ వార్డు కిందికి వస్తుందో వెతికి చెబుతాను.